ఉదయం వచ్చి రాత్రి పోయే ఛానళ్లు: పన్నెండు గదుల లాడ్జిలో ఒక డీటీహెచ్ కేసు

ఈ కేసులో వాడిన పరికరాల్లో కొత్తదేమీ లేదు. మల్టీస్విచ్ (ఒక డిష్ సిగ్నల్‌ను చాలా టీవీలకు విడివిడిగా పంచే పరికరం) బిగించడం ఈ వృత్తిలో ఉన్నవారు చాలామందికి తెలిసిన పనే. నాకంటే ముందు అక్కడికి వెళ్లిన మెకానిక్‌లు చేతకానివాళ్లు కూడా కాదు. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మార్చారు, టీవీలో బొమ్మ చూపించారు, డబ్బు తీసుకుని వెళ్లారు. అయినా ఏడాదికి పైగా సమస్య అలాగే ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊరు, యజమాని, కంపెనీ ఎవరో తెలిసే వివరాలు తీసేశాను.

నేపథ్యం

గోదావరి డెల్టాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లో ఒక లాడ్జి. గ్రౌండ్ ఫ్లోరు, దాని మీద రెండు అంతస్తులు, మొత్తం పన్నెండు గదులు. ముందు భాగంలో విడిగా ఒకే అంతస్తు ఎత్తున రిసెప్షన్. చుట్టూ యజమాని గారి సొంత కొబ్బరి తోట. పెళ్లిళ్ల రోజుల్లోనూ కార్తీక మాసంలోనూ గదులన్నీ నిండిపోతాయి. మిగతా కాలంలో మూడు నాలుగు గదులకు మించి అద్దెకు పోవు. ఈ రెండో సంగతి ముందు ముందు అవసరమవుతుంది.

లాడ్జి తెరిచినప్పుడు రిసెప్షన్‌లో ఒక్క టీవీ ఉండేది. దానికోసం రిసెప్షన్ డాబా మీద అరవై సెంటీమీటర్ల డిష్ పెట్టారు. తర్వాత పై అంతస్తులో రెండు గదులకు టీవీలు వచ్చాయి. ఉన్న కేబుల్‌ను కోసి, సిగ్నల్‌ను పంచే స్ప్లిటర్ ఒకటి పెట్టారు. మరుసటి సంవత్సరం ఇంకో నాలుగు గదులు, ఇంకో స్ప్లిటర్. అలా పెరుగుతూ పెరుగుతూ చివరికి పన్నెండు గదులూ రిసెప్షనూ కలిసి ఒకే డిష్, ఒకే ఎల్ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టి కేబుల్‌లోకి పంపే భాగం), ఒకే కేబుల్ మీద వేలాడుతున్నాయి. ఇదంతా ఒకేసారి చేయించి ఉంటే ఏ మెకానిక్ అయినా ఈ పద్ధతి పనికిరాదని చెప్పేవాడు. కానీ ఎవరినీ పదమూడు టీవీల పనికి పిలవలేదు. వచ్చిన ప్రతివాడినీ ‘ఇంకో రెండు’ కలపమని మాత్రమే అడిగారు.

ఫిర్యాదు

యజమాని గారు ఫోనులో చెప్పింది ఒకటే మాట: “సిగ్నల్ సరిగ్గా రావడం లేదండి. వచ్చినవాళ్లందరూ డబ్బు తీసుకున్నారు గానీ ఎవరూ బాగుచేయలేదు.”

సిగ్నల్ రావడం లేదంటే ఏ వేళలో, ఏ గదిలో, ఏ ఛానల్ అని అడిగాను. సమాధానం “అన్నీనండి, ఎప్పుడూనండి” అని వచ్చింది. నిజంగా అన్నీ ఎప్పుడూ రాకపోతే అది తేలికైన కేసు. డిష్ తిరిగిపోయి ఉంటుంది, లేదా ఎల్ఎన్‌బీ చచ్చిపోయి ఉంటుంది. కానీ ఏడాదిగా ఈ సమస్యతోనే లాడ్జి నడుస్తోంది, అతిథులు ఎంతో కొంత టీవీ చూస్తూనే ఉన్నారు. అంటే కొన్ని వేళల్లో వస్తోంది. ఆ వేళలేవో తెలియకుండా నిచ్చెన ఎక్కడం దండగ అనుకున్నాను.

అంతకుముందు చేసినవి

నేను వెళ్లేసరికి నాలుగు ప్రయత్నాలు జరిగిపోయాయి. ఒక్కొక్కటీ ఎందుకు చేశారో, ఎందుకు ఫలించలేదో విడిగా చూడాలి.

మొదట ఎల్ఎన్‌బీ మార్చారు. బొమ్మ ముక్కలు ముక్కలుగా విరిగితే మన వృత్తిలో అందరి చెయ్యీ ముందు దానిమీదికే వెళ్తుంది. చవక, పది నిమిషాల పని. మార్చిన పూట బాగుంది.

తర్వాత పంపకంలో సిగ్నల్ తగ్గిపోతోందని కేబుల్ మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టారు. ఆలోచన పూర్తిగా తప్పు కాదు. నాలుగు దారుల స్ప్లిటర్ ఒక్కొక్కటీ సుమారు 8 డెసిబెల్స్ మింగేస్తుంది. ఒకదాని వెనక ఒకటి రెండు పెడితే 16. సెట్‌టాప్ పెట్టె మెనూలో ‘స్ట్రెంగ్త్’ గీత పైకి లేచింది, యజమాని గారు సంతోషించారు. కానీ బొమ్మ నిలబడేది ‘క్వాలిటీ’ గీత మీద. ఉపగ్రహం నుంచి వచ్చిన సిగ్నల్‌కూ దానితో కలిసిన రొదకూ మధ్య ఎంత తేడా ఉందన్నది డిష్ దగ్గరే తేలిపోతుంది. ఆంప్లిఫయర్ రెండింటినీ కలిపి పెంచుతుంది. నీళ్లు కలిసిన పాలను పెద్ద గిన్నెలోకి మార్చినంత మాత్రాన చిక్కబడవు.

మూడోసారి పెద్ద డిష్ తెచ్చారు, తొంభై సెంటీమీటర్లది. దీన్ని పాత గొట్టం మీదే బిగించారు. ఆ తర్వాత పరిస్థితి ఇంకా చెడిందని యజమాని గారు చెప్పారు. అంతకుముందు వచ్చినవాళ్లెవరూ ఆ మాట నమ్మలేదట. నేను నమ్మాను. డిష్ పెరిగేకొద్దీ దాని చూపు సన్నబడుతుంది. అరవై సెంటీమీటర్ల డిష్‌కు సుమారు మూడు డిగ్రీల వెడల్పు ఉంటే, తొంభైకి రెండు డిగ్రీలే. గాలిని పట్టే వైశాల్యమేమో రెండు రెట్లు దాటుతుంది. చిన్న డిష్ కోసం వేసిన సన్నని గొట్టం మీద అది గాలికి ఊగితే చూపు తప్పడం సహజం.

నాలుగోది స్ప్లిటర్లన్నీ మంచి రకానికి మార్చడం. దీని సంగతి తర్వాత చెప్తాను, రాత్రి సమస్య ముడి అక్కడే ఉంది.

ఈ నాలుగు సందర్భాల్లోనూ మెకానిక్‌లు ఉదయం పూట వచ్చారు. రిసెప్షన్ టీవీ ఒక్కటే వేసి పరీక్షించారు. నాలుగుసార్లూ పరీక్ష నెగ్గింది. అదే ఈ కేసును ఏడాది లాగింది.

పుస్తకం చెప్పినది

మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ విప్పలేదు. రిసెప్షన్‌లో కూర్చునే కుర్రాడికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, గీతలు గీసి చూపించాను. ఏ వేళ, ఏ గది, ఏ ఛానల్ నంబరు, అప్పుడు గాలి ఉందా, వాన ఉందా, ఇంకా ఎన్ని గదుల్లో టీవీ నడుస్తోంది. అతిథి ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఒక వరస రాయాలి. యజమాని గారికి ఇది నచ్చలేదు. “మిమ్మల్ని బాగుచేయమని పిలిస్తే మాకు హోంవర్కు ఇచ్చారేమిటండి?” అన్నారు. వారం ఆగమని బతిమాలుకున్నాను.

ఆ కుర్రాడు బుద్ధిమంతుడు. అడిగినదానికంటే ఎక్కువే రాశాడు. మధ్యలో ఒకచోట ‘ఈరోజు దింపు’ అని కూడా ఉంది. కోనసీమ వైపు కొబ్బరికాయలు కోయించడాన్ని దింపు అంటారు.

పుస్తకం చూస్తే వరసలు రెండు గుంపులుగా విడిపోయాయి.

మొదటి గుంపు మధ్యాహ్నం రెండు గంటల తర్వాతది. అన్ని గదుల్లోనూ అన్ని ఛానళ్లూ ఒకేసారి ఆగి ఆగి వచ్చాయి. పక్కన గాలి అని రాసి ఉంది. తీరప్రాంతంలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేవడం రోజువారీ సంగతి. అన్ని గదులూ ఒకేసారి దెబ్బతింటే కారణం అందరికీ ఉమ్మడిగా ఉన్న చోటే ఉండాలి. అంటే డిష్, లేదా డిష్ ముందున్న ఆకాశం.

రెండో గుంపు రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర దాకా. గాలి లేదు, వాన లేదు. కొన్ని గదుల్లో కొన్ని ఛానళ్లు మాత్రమే ‘సిగ్నల్ లేదు’ అని చూపించాయి. పక్క గదిలో అదే సమయంలో వేరే ఛానల్ హాయిగా నడుస్తోంది. కాసేపటికి దానంతట అదే సర్దుకుంది.

ఒకే లాడ్జిలో రెండు వేర్వేరు రోగాలు. ఒకదానికి మందు వేస్తే రెండోది మిగిలి ఉండటం వల్ల మందు పనిచేయలేదనిపించింది. ఇంకో తమాషా కూడా జరిగింది. దింపు వాళ్లు కాయలతో పాటు ఎండిన మట్టలు, కిందికి వాలిన మట్టలు కొట్టేస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లు మధ్యాహ్నపు బాధ తగ్గుతుంది. పాత బిల్లుల తేదీలతో పోల్చి చూస్తే, ఎల్ఎన్‌బీ మార్చినప్పుడు ‘బాగైంది’ అనుకున్న రోజులు దింపు అయిన రోజుల పక్కనే ఉన్నాయి. పుణ్యం దింపు వాళ్లది, డబ్బు మెకానిక్‌ది.

మధ్యాహ్నపు సమస్య: చెట్టు కొట్టాలా, డిష్ కదపాలా

డీటీహెచ్ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు పైన ఉంటాయి కాబట్టి మన రాష్ట్రాల నుంచి అవి దక్షిణం వైపు, బాగా ఎత్తులో కనిపిస్తాయి. ఎంత ఎత్తు అన్నది ఏ ఉపగ్రహమో దాన్ని బట్టి మారుతుంది. కోనసీమ ప్రాంతం నుంచి లెక్కవేస్తే, తూర్పు రేఖాంశం 83 డిగ్రీల దగ్గరున్న ఉపగ్రహం దాదాపు సూటిగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 స్థానం 93.5 డిగ్రీలు. అది ఆగ్నేయం వైపు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 108 డిగ్రీల దగ్గరున్నదైతే ఇంకా తూర్పుకు జరిగి 54 డిగ్రీలకు దిగుతుంది. ఈ లాడ్జి వాడుతున్నది ఈ చివరి స్థానం. దిక్సూచి మీద దాదాపు 120 డిగ్రీలు.

డిష్ ముఖం చూసి అది ఎటు చూస్తోందో చెప్పలేం. మన ఇళ్లమీద ఉండేవన్నీ ఆఫ్‌సెట్ డిష్‌లు. ముఖం ఎటు వాలినట్టు కనిపిస్తుందో, అసలు చూపు దానికంటే ఇరవైకి పైగా డిగ్రీలు ఎత్తుకు ఉంటుంది. యజమాని గారు “చెట్టు అడ్డం లేదండి, డిష్ ముందు ఖాళీయే కదా” అనడంలో తప్పు లేదు. కంటికి అలాగే కనిపిస్తుంది. అందుకే కొలిచాం.

డిష్ నేల నుంచి నాలుగు మీటర్ల ఎత్తున ఉంది. 120 డిగ్రీల దిశలో ఎనిమిది మీటర్ల దూరంలో ఒక పాత కొబ్బరి చెట్టు ఉంది, ఎత్తు పదిహేడు మీటర్ల పైన. 54 డిగ్రీల కోణంలో ఒక్కో మీటరు ముందుకు వెళ్తే చూపు మీటరూ నలభై సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఎనిమిది మీటర్ల దగ్గర అది నేల నుంచి పదిహేను మీటర్ల ఎత్తున ఉంటుంది. సరిగ్గా మట్టల గుబురు మధ్య. గాలి లేనప్పుడు మట్టల సందుల్లోంచి చాలినంత సిగ్నల్ దూరేది. గాలి లేచాక మట్టలు అడ్డంగా ఊగేవి. దానికి తోడు పెద్ద డిష్ కూడా తన గొట్టం మీద ఊగేది.

“అయితే చెట్టు కొట్టించేయమంటారా?” అని యజమాని గారు అడిగారు. అడిగిన తీరులోనే వద్దనమని కోరిక వినిపించింది. వద్దనే అన్నాను, అయితే మొహమాటానికి కాదు. ఆ వరసలో వెనక ఇంకో రెండు చెట్లు ఎదుగుతున్నాయి. ఒకటి కొడితే నాలుగేళ్లలో రెండోది అదే చోటికి వస్తుంది.

రెండో దారి 83 డిగ్రీల ఉపగ్రహం వాడే కంపెనీకి మారడం. దిశ మారుతుంది, ఎత్తు పెరుగుతుంది, చెట్టు బాధ అక్కడితో పోతుంది. తోటల మధ్య కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు నేను ఈ సలహాయే ఇస్తాను. ప్యాకేజీ ధరలు పోల్చే ముందు ఆకాశంలో ఏ ఉపగ్రహం కనిపిస్తుందో చూసుకోవాలి. కానీ ఇక్కడ పదమూడు పెట్టెలు కొని ఉన్నాయి, వాటిని పారేయాలి. పైగా రాత్రి సమస్యకూ ఈ మార్పుకూ ఏ సంబంధమూ లేదు.

మిగిలింది డిష్‌ను రెండో అంతస్తు డాబా మీదికి ఎక్కించడం. అక్కడ డిష్ పదకొండు మీటర్ల ఎత్తున ఉంటుంది, చెట్టుకు దూరం పద్నాలుగు మీటర్లు. చూపు చెట్టు మీదుగా ముప్ఫై మీటర్ల ఎత్తున దాటిపోతుంది. ఈ చెట్లు ఇంకెంత ఎదిగినా తగలవు.

దీనికి యజమాని గారి అభ్యంతరాలు రెండు. స్లాబులో రంధ్రాలు చేస్తే కురుస్తుంది. తుపాను వస్తే డిష్ ఎగిరిపోతుంది. 1996 నవంబరు తుపానును చూసినవాళ్లతో డాబా మీద ఏ వస్తువు పెట్టమన్నా ఇదే మాట వస్తుంది, రావాలి కూడా. స్లాబును ముట్టుకోలేదు. పై అంతస్తు ఎప్పుడైనా వేద్దామని మన ఊళ్లలో స్తంభాల కొసలు, ఇనుప చువ్వలు వదిలేస్తారు కదా, అలాంటి స్తంభం ఒకటి నడుము ఎత్తున ఉంది. దాని పక్క ముఖానికి యాంకర్ బోల్టులతో మందపాటి జీఐ గొట్టాన్ని బిగించాం. నాలుగంగుళాల పిట్టగోడకు బిగించడం సులువే గానీ, గాలి ఒత్తిడికి ఇటుకలు ఊడివస్తాయి. గొట్టం నిటారుగా ఉందో లేదో మట్టం పెట్టి రెండు వైపులా చూశాం. గొట్టం వాలితే డిష్ మీదున్న డిగ్రీల గుర్తులన్నీ అబద్ధమే చెప్తాయి.

డిష్ ఎక్కిన మరుసటి రోజు నుంచి మధ్యాహ్నపు వరసలు పుస్తకంలో ఆగిపోయాయి. రాత్రి వరసలు అలాగే ఉన్నాయి. యజమాని గారి ముఖం మళ్లీ మాడింది గానీ, రెండూ వేర్వేరని నాకు అంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

రాత్రి సమస్య

ఉపగ్రహం ఛానళ్లను రెండు రకాల తరంగాల్లో పంపుతుంది, నిలువు కంపనాలవి కొన్ని, అడ్డం కంపనాలవి కొన్ని. వర్టికల్, హారిజాంటల్ అంటాం. ఒక ఛానల్ కావాలని రిమోట్ నొక్కితే, ఆ ఛానల్ ఏ రకమో చూసుకుని పెట్టె అదే కేబుల్ గుండా ఎల్ఎన్‌బీకి కరెంటు పంపుతుంది. 13 వోల్టులు పంపితే నిలువువి ఇవ్వమని, 18 పంపితే అడ్డంవి ఇవ్వమని. ఫ్రీక్వెన్సీ బ్యాండు (పైది, కిందది) మార్చాలంటే దానిమీదే 22 కిలోహెర్ట్జ్ టోన్ వేస్తుంది. ఒకే అవుట్‌పుట్ ఉన్న ఎల్ఎన్‌బీ ఒక సమయంలో ఒక్క ఆజ్ఞే పాటించగలదు.

పన్నెండు గదుల పెట్టెలు ఒకే ఎల్ఎన్‌బీకి ఆజ్ఞలిస్తే ఎక్కువ వోల్టేజీదే గెలుపు. మూడో నంబరు గదిలో నిలువు రకం ఛానల్ చూస్తున్నారు. ఏడో నంబరు గదిలో ఎవరో అడ్డం రకం ఛానల్ పెట్టారు. ఎల్ఎన్‌బీ 18 వోల్టులకు లొంగి అటు తిరిగింది. మూడో గదిలో తెర నల్లబడింది. ఏడో గది అతిథి భోజనానికి వెళ్తూ టీవీ ఆపేస్తే మూడో గదిలో మళ్లీ వచ్చింది.

పుస్తకంలోని ఛానల్ నంబర్లను ఆ కంపెనీ ట్రాన్స్‌పాండర్ల పట్టికతో (ఏ ఛానల్ ఏ రకం తరంగంలో వస్తుందో అందులో ఉంటుంది) సరిపోల్చాను. రాత్రి ఫిర్యాదులన్నిటిలోనూ ఒక సమయంలో పోయిన ఛానళ్లు ఒకే రకానివి. అప్పుడు రెండు గదుల్లో టీవీలు వేసి, యజమాని గారిని ఒక గదిలో కూర్చోబెట్టి, నేను రెండో గదిలో రిమోట్ నొక్కుతూ ఫోనులో “ఇప్పుడు పోయిందా? ఇప్పుడు వచ్చిందా?” అని అడిగాను. అయిదారుసార్లు అయ్యాక ఆయనే నవ్వారు. ఏడాదిగా అంతుబట్టని సంగతి ఆయన కళ్లముందే రిమోట్ నొక్కినట్టల్లా ఆడింది. సాంకేతిక వివరణ ఎంత చెప్పినా రాని నమ్మకం దానితో వచ్చింది. ఆ తర్వాత ఖర్చు గురించి మాట్లాడటం సులువైంది.

స్ప్లిటర్లు మంచివి వేశాక ఇది ఎందుకు ఎక్కువైందో కూడా తేలింది. పాత స్ప్లిటర్లలో కొన్ని దారులు వోల్టేజీని వెనక్కి పోనిచ్చేవి కావు, అందుకే ఆజ్ఞలిచ్చే గదులు తక్కువగా ఉండేవి. కొత్తవి అన్ని దారుల్లోనూ వోల్టేజీని పంపే రకం. ఇంకో చిక్కు కూడా బయటపడింది. కొన్ని పెట్టెలు రిమోట్‌తో ఆపినా స్టాండ్‌బైలో ఉండి ఎల్ఎన్‌బీకి వోల్టేజీ పంపుతూనే ఉంటాయి. తాళం వేసిన ఖాళీ గది మిగతా గదుల ఛానళ్లను నిర్ణయిస్తున్న రోజులు కూడా ఉన్నాయన్నమాట. ఏ మెకానిక్ అయినా అతిథులున్న గదుల్లోనే వెతుకుతాడు.

పనికిరాని అడ్డదారి

యజమాని గారు ముందు చవకైన మార్గం చూడమన్నారు. ఆ నెలలో పెళ్లి బుకింగులున్నాయి, డాబా అంతా కేబుళ్లు పరిచే వీలు లేదు. ఆ కోరికలో న్యాయం ఉంది. అందుకని ఒక్క రిసెప్షన్ పెట్టెను మాత్రమే ఎల్ఎన్‌బీకి ఆజ్ఞ ఇచ్చేలా ఉంచి, మిగతా దారులన్నిటికీ వోల్టేజీని ఆపే డీసీ బ్లాకులు పెట్టాం. రిసెప్షన్‌లో ఏ రకం ఛానల్ పెడితే లాడ్జి అంతటా ఆ రకానివే వస్తాయి. మధ్యలో పోవడం ఉండదు, కానీ మిగతా ఛానళ్లు ఉండవు.

పోతూ వస్తూ ఉండటం కంటే కొన్నే స్థిరంగా రావడం నయమని నా లెక్క. అతిథుల లెక్క వేరు. తెలుగు వార్తా ఛానళ్లు ఒకవైపు, క్రికెట్ వచ్చే ఛానళ్లు ఇంకోవైపు పడ్డాయి. మ్యాచ్ ఉన్న రాత్రి వార్తలు లేవు. పైగా రిసెప్షన్‌లో ఎవరో రిమోట్ నొక్కగానే పన్నెండు గదుల నుంచి ఫోన్లు. బుకింగులు అయ్యేదాకా ఎలాగో లాగి, బ్లాకులు తీసేశాం.

ఏ పద్ధతి ఎంచుకున్నాం

ముందున్న మార్గాలు నాలుగు. నాలుగు అవుట్‌పుట్ల క్వాడ్ ఎల్ఎన్‌బీలతో డిష్‌లు పెంచుకుంటూ పోవడం మొదటిది. పదమూడు టీవీలకు నాలుగు డిష్‌లు కావాలి, తుపాను భయం నాలుగింతలు. ఒకే కేబుల్ మీద చాలా పెట్టెలకు విడివిడిగా పంచే ఎల్ఎన్‌బీలు కూడా ఉన్నాయి. పాత కేబుల్‌నే వాడుకోవచ్చు కాబట్టి ఆశ కలిగింది. కానీ పెట్టె కూడా ఆ పద్ధతిని అర్థం చేసుకునేదై ఉండాలి, ఇక్కడివి కావు. మూడోది పెద్ద హోటళ్లలోలా హెడ్‌ఎండ్ పెట్టి ఎంచుకున్న ఛానళ్లను గదులకు పంపడం. గదిలో పెట్టె అక్కర్లేదు, కానీ పరికరాల ఖర్చూ అనుమతుల వ్యవహారమూ పన్నెండు గదుల లాడ్జికి బరువు.

నాలుగోది క్వాట్రో ఎల్ఎన్‌బీ, మల్టీస్విచ్. క్వాట్రో నాలుగు రకాల సిగ్నళ్లనూ (నిలువు, అడ్డం, ఒక్కోదాన్లో రెండు బ్యాండ్లు) నాలుగు కేబుళ్లలో విడివిడిగా, ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది. మల్టీస్విచ్ ప్రతి గది ఆజ్ఞనూ విడిగా విని ఆ గదికి కావలసింది ఇస్తుంది. పేరు దగ్గరగా ఉందని క్వాడ్‌నూ క్వాట్రోనూ కలగాపులగం చేయకూడదు. అంగడిలో ఒకటి అడిగితే ఇంకోటి చేతిలో పెట్టడం నేను చాలాసార్లు చూశాను. పదహారు అవుట్‌పుట్లున్న మల్టీస్విచ్ తీసుకున్నాం. పదమూడు వాడకానికి, మూడు రేపటికి. ఈ లాడ్జి ‘ఇంకో రెండు’ అడగకుండా ఉండదని దాని చరిత్రే చెప్తోంది.

ఈ మార్గంలో అసలు ఖర్చు పరికరం కాదు, కేబుల్. ప్రతి గదికీ విడిగా ఒక ఆర్‌జీ6 రకం కేబుల్ లాగాలి. దూరపు గదికి నలభై అయిదు మీటర్లు వచ్చింది. పై ఫ్రీక్వెన్సీలో వంద మీటర్లకు సుమారు 30 డెసిబెల్స్ పోతాయి కాబట్టి ఈ దూరానికి 13, 14 పోతాయి. ఫరవాలేదు, ఆంప్లిఫయర్ అక్కర్లేదు. రాగి పూత పూసిన ఉక్కు తీగ కేబుల్ చవకగా వస్తుంది, సిగ్నల్ విషయంలో పెద్ద తేడా ఉండదు. కానీ వోల్టేజీకి దాని నిరోధం అచ్చ రాగి కంటే నాలుగైదు రెట్లు. పైగా ఉప్పుగాలిలో పూత లేచినచోట తుప్పు పడుతుంది. సముద్రం దగ్గర రాగి తీగే వేయమన్నాను, ఆ ఒక్క విషయంలో బేరం ఒప్పుకోలేదు.

ఉన్న తొంభై సెంటీమీటర్ల డిష్‌నే పైన వాడుకున్నాం. కిందున్నప్పుడు హాని చేసిన పరిమాణమే గట్టి గొట్టం మీద వానకు లాభం చేసింది. అరవైతో పోలిస్తే మూడున్నర డెసిబెల్స్ అదనం.

బిగింపులో రెండు విషయాలు

మల్టీస్విచ్‌కు కేబుళ్లు కలపకముందే దాని ఒంటికి ఎర్త్ తీగ బిగించాలి. పెట్టెల అడాప్టర్ల నుంచి కేబుల్ పై అల్లికలోకి ఎప్పుడూ కొంచెం కరెంటు లీకవుతూ ఉంటుంది. ఒక పెట్టెదైతే చేతికి తెలియదు. పదమూడు పెట్టెలవి ఒకచోట కలిస్తే జిల్లుమంటుంది. ప్రాణం తీసేంతది కాకపోయినా, డాబా అంచున ఉలిక్కిపడితే పరిణామం వేరు. డిష్ గొట్టాన్ని కూడా భవనం ఎర్త్‌కు కలిపాం. కొత్త చోట చుట్టుపక్కల కంటే ఎత్తుకు లేచిన లోహం అదే.

రెండోది కనెక్టర్లు. పాతవన్నీ చేత్తో తిప్పి ఎక్కించేవి. విప్పి చూస్తే మూడింటిలో పచ్చటి చిలుము. కంప్రెషన్ రకం వేసి, బయట ఉండేవాటికి రబ్బరు టేపు చుట్టి, ఎల్ఎన్‌బీ దగ్గర కేబుల్‌ను ఒక వంపు కిందికి దించి పైకి తీసుకెళ్లాం. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోవాలి, కనెక్టర్‌లోకి నడిచి వెళ్లకూడదు.

చివరి పరీక్ష రాత్రి ఎనిమిదిన్నరకు, పదమూడు టీవీలూ వేసి చేశాం. లాడ్జి సిబ్బంది, యజమాని గారి ఇంటివాళ్లు తలా ఒక గదిలో కూర్చుని ఇష్టం వచ్చినట్టు ఛానళ్లు మార్చారు. ఒక్క గదిలోనూ బొమ్మ పోలేదు. యజమాని గారి మనవడు మాత్రం పిల్లల ఛానల్ వదిలి బయటికి రానన్నాడు.

కాగితాల సంగతి

పని మధ్యలో ఇంకో విషయం బయటపడింది. గదుల్లోని కనెక్షన్లన్నీ యజమాని గారి పేరున, బంధువుల పేర్లమీద ఉన్న ఇంటి కనెక్షన్లు. ఇంటికోసం తీసుకున్న చందాతో డబ్బు తీసుకునే గదుల్లో చూపించడం కంపెనీల ఒప్పందాలకు విరుద్ధం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లో కూడా వాణిజ్య చందాదారు అనే వర్గం వేరుగా ఉంది. ఇది మెకానిక్ పని కాదని ఊరుకోవచ్చు. కానీ ఒకరోజు అన్ని పెట్టెలూ ఆగిపోతే ముందు ఫోను వచ్చేది నాకే. వాణిజ్య చందాకు మార్చుకోమని రాతపూర్వకంగానే చెప్పాను. ఆయన కొంత గొణిగి, మార్చుకున్నారు.

ఈ కేసు తర్వాత నా పనిలో చేరినవి

ఒకటికి మించి టీవీలున్న చోటికి ఇప్పుడు ఉదయం పూట పరీక్షకు వెళ్లను. లాడ్జి అయితే రాత్రి, ఆస్పత్రి వెయిటింగ్ హాలయితే ఓపీ రద్దీలో. ఒక్క పెట్టెతో చేసిన పరీక్ష ఆ ఒక్క పెట్టె గురించే చెప్తుంది.

ఫోనులోనే మూడు ప్రశ్నలు అడుగుతాను: అన్ని ఛానళ్లా కొన్నా, అన్ని గదులా కొన్నా, ఏ వేళ? ‘అన్నీ, ఎప్పుడూ’ అంటే నోటు పుస్తకం పంపిస్తాను. వారం పాటు రాయించడం వల్ల కొందరు కస్టమర్లు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. పోనివ్వండి.

వాన గురించి బిల్లు ఇచ్చే ముందే చెప్తాను. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండు సిగ్నల్ కుండపోత వానలో తగ్గుతుంది. పెద్ద డిష్ ఆ అంతరాయాన్ని కుదిస్తుందే గానీ పూర్తిగా తీసేయదు. ఇది ముందు చెప్తే సమాచారం, తర్వాత చెప్తే సాకు. ఆ లాడ్జిలో ఇప్పటికీ పెద్ద వానకు కొన్ని నిమిషాలు పోతుంది, ఆ కుర్రాడే అతిథులకు నచ్చజెప్తాడు.

మల్టీస్విచ్ పెట్టె మూత లోపల ఒక పటం అంటిస్తాను. ఏ అవుట్‌పుట్ ఏ గదికి, ఏ ఇన్‌పుట్ ఏ రకానికి, కరెంటు ఎక్కడి నుంచి అని అందులో ఉంటుంది. ఆ లాడ్జి నుంచి తర్వాత వచ్చిన పెద్ద ఫిర్యాదు ఒక్కటే. ఒకరోజు తెల్లవారేసరికి పదమూడు టీవీలూ చచ్చాయి. నేను బయల్దేరేలోపే కుర్రాడు మూత తీసి, పటం చూసి, కరెంటు దారి పట్టుకుని వెళ్లాడు. షామియానా కట్టడానికి డాబా ఎక్కిన పనివాడు ఫోను చార్జింగు కోసం మల్టీస్విచ్ అడాప్టరు పీకేసి, తన చార్జరు పెట్టుకున్నాడు. ఆ వారమే ప్లగ్గు తీసేయించి, దాన్ని నేరుగా విడి ఎంసీబీకి (కరెంటు బోర్డులోని బ్రేకర్‌కు) కలిపాం.